మళ్లీ మళ్లీ గర్భస్రావం – నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఏ. పాత్ర
(ట్రస్టు వార్షిక స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



 మన సోలాపూరు వాళ్లమే కాకుండా భివండీ, బళ్లారి, హోసూరు, బరంపురం, యానాం నుంచి కూడా పిల్లలు రావడం చూస్తే చాలా సంతోషంగా ఉంది.

1998లో ఇదే ట్రస్టు నుంచి నేనూ చెక్కు అందుకున్నాను. అప్పుడు నేను బి.ఎస్సీ. మొదటి సంవత్సరం. నాన్న పవర్‌లూమ్ మీద టవళ్లు నేసేవారు. అమ్మ బీడీలు చుట్టేది. నా చదువంతా మరాఠీ మీడియంలో సాగింది. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవే. కాబట్టి నా తెలుగులో ఎక్కడైనా తడబాటు ఉంటే మన్నించమని మనవి.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పిల్లలకు పనికొచ్చే సైన్స్ విషయం ఏదైనా చెప్పమ్మా" అన్నారు. నేను ఈ విషయం చెబుతానంటే ఆయన కాసేపు మాట్లాడలేదు. "పిల్లల ముందు, పెద్దల ముందు గర్భస్రావాల గురించా?" అన్నారు. "అవునండీ, ఇద్దరూ ఒకేచోట కూర్చున్నప్పుడే చెప్పాలి" అన్నాను. ఆయన ఒప్పుకున్నందుకు ముందుగా కృతజ్ఞతలు.

నేను చేసిన తప్పు

మా పెద్దమ్మ కూతురు ఒకరున్నారు. నాకు అక్క. పేరు చెప్పను. ఆమె అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను. ఆమెను మేనమామ కొడుక్కే ఇచ్చారు. పెళ్లయిన అయిదేళ్లలో నాలుగు గర్భాలు పోయాయి. అన్నీ రెండో నెల, మూడో నెలలోనే. మొదటిసారి అందరూ ఓదార్చారు. రెండోసారి బరువు ఎత్తిందన్నారు. మూడోసారి బొప్పాయి తిన్నదన్నారు, దిష్టి అన్నారు. నాలుగోసారి ఎవరూ ఏమీ అనలేదు, చూపులతోనే అన్నారు.

1999లో, ఆ నాలుగోది జరిగిన తర్వాత, అక్క మా ఇంటికి వచ్చింది. వెంట వాళ్ల అత్త కూడా ఉంది. "నువ్వు చదువుతున్నావు కదా, నాకే ఎందుకిలా అవుతుందో చెప్పు" అని అడిగింది. నేను అంతకు నెలరోజుల ముందే జెనెటిక్స్ పాఠం చదివి ఉన్నాను. అందరి ముందూ అన్నాను: "మేనరికం కదా అక్కా, నీ జీన్స్‌లోనే లోపం ఉండి ఉంటుంది."

"నీ" అన్న ఆ ఒక్క అక్షరాన్ని వాళ్ల అత్త పట్టుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎప్పుడు మాట వచ్చినా, "చదువుకున్న పిల్లే చెప్పింది" అనేవారట. మూడేళ్లకు విడాకులయ్యాయి. అక్క పుట్టింటికి వచ్చి మళ్లీ బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. నేను ఎం.ఎస్సీ.కి వెళ్లేటప్పుడు హాస్టల్ డిపాజిట్ కట్టింది ఆమే. ఒక్కరోజు కూడా నన్ను తప్పు పట్టలేదు.

ఆ రోజు నేను చెప్పినది సగం తెలిసిన చదువు. ఇప్పుడు చేస్తున్న ఈ ప్రసంగం ఆ మాటను సరిదిద్దుకోవడానికే అనుకోండి.

ముందు కొన్ని లెక్కలు

గర్భం వచ్చిందని తెలిసిన ప్రతి 100 మందిలో 10 నుంచి 20 మందికి అది నిలవదు. ఇది మనం అనుకునేదానికన్నా చాలా మామూలు సంగతి. ఎవరూ బయటికి చెప్పుకోరు కాబట్టి, ప్రతి ఆడపిల్లా తనకొక్కతికే జరిగిందనుకుంటుంది. వరుసగా మూడు, అంతకన్నా ఎక్కువ పోవడం మాత్రం 100 జంటల్లో సుమారు ఒక జంటకు జరుగుతుంది. బ్రిటన్ డాక్టర్ల సంఘం మూడు పోతే దాన్ని "రికరెంట్ మిస్‌క్యారేజి" అంటుంది. యూరప్ నిపుణుల సంఘం 2017 నుంచి రెండు పోతేనే పరీక్షలు మొదలుపెట్టమంటోంది.

తెలిసిన కారణాలు కొన్ని ఉన్నాయి. తొలి నెలల్లో పోయే గర్భాల్లో సగం, లేదా అంతకన్నా ఎక్కువ, పిండంలో క్రోమోజోముల సంఖ్య తప్పడం వల్ల పోతాయి. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు, కలిసిన తర్వాత కణాలు చీలేటప్పుడు జరిగే పొరపాటది. తల్లి వయసు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. దాన్ని ఎవరూ చేతులారా చేసుకోరు. కొందరిలో తల్లి రక్తంలోని కొన్ని యాంటీబాడీల వల్ల మాయలో రక్తం గడ్డకడుతుంది. దాన్ని యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటారు. ఇంకొందరిలో గర్భసంచి లోపల అడ్డుపొర ఉంటుంది. థైరాయిడ్ లోపం, అదుపులో లేని షుగరు కూడా కారణాలే. కొద్ది జంటల్లో భార్యకో, భర్తకో క్రోమోజోముల ముక్కలు స్థానం మారి ఉంటాయి. వాళ్లు మాత్రం చూడటానికి పూర్తి ఆరోగ్యంగానే ఉంటారు.

ఇవన్నీ వెదికినా, సుమారు సగం జంటల్లో ఏ కారణమూ దొరకదు. ఆ సగం గురించే నేను ఇప్పుడు చెప్పబోయేది.

మేనరికం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1970లలో తమిళనాడులోని ఉత్తర ఆర్కాడు ప్రాంతంలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. మేనరికం చేసుకున్నవారిలో గర్భస్రావాలు చెప్పుకోదగ్గంత ఎక్కువగా అందులో కనిపించలేదు. అలాగని మేనరికాలు చేసుకోమని నేను చెప్పడం లేదు. పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులు వాటివల్ల పెరుగుతాయి. కానీ అక్కతో నేనన్న మాటకు శాస్త్రంలో నేననుకున్నంత బలం లేదు.

జకార్డు అట్ట

మన క్రోమోజోముల్లో ఉన్న డి.ఎన్.ఏ.లో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉన్నాయి. నేను చదువుకున్న పుస్తకంలో ఇలా ఉండేది: డి.ఎన్.ఏ. నుంచి ఆర్.ఎన్.ఏ. అనే నకలు తయారవుతుంది, ఆ నకలును చూసి కణం ప్రోటీను చేస్తుంది, ప్రోటీనే పని చేస్తుంది. 2003లో మానవ జీనోమ్ ప్రాజెక్టు ముగిసేసరికి తేలిందేమిటంటే, ప్రోటీనుకు పనికొచ్చే అక్షరాలు నూటికి రెండు కూడా లేవు. ప్రోటీను చేసే జీన్లు సుమారు 20 వేలు మాత్రమే. ఒక మిల్లీమీటరు పొడవుండే మట్టి పురుగులోనూ దాదాపు అన్నే ఉన్నాయి. మరి మిగిలినదంతా ఏమిటి? 1972లో సుసుము ఓనో అనే శాస్త్రవేత్త వాడిన "జంక్" అన్న మాటే చాలాకాలం చెలామణి అయింది. జంక్ అంటే చెత్త.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది మగ్గం తెలిసినవాళ్లే. సోలాపూరు చద్దరు మీద నెమలి ఎలా వస్తుంది? నూలు మంచిదైతే చాలదు. మగ్గం మీద జకార్డు అట్టలు తిరుగుతుంటాయి. అట్టలోని చిల్లును బట్టి ఏ పడుగు పోగు పైకి లేవాలో, ఏది ఆగాలో తేలుతుంది. అట్ట బట్టలోకి రాదు. చద్దరు కొన్నవాడికి అట్ట కనిపించదు. కానీ ఒక్క చిల్లు తప్పుపడితే నూలు ఎంత మేలైనదైనా నెమలి మెడ వంకరపోతుంది.

ప్రోటీను నూలు లాంటిదనుకుంటే, నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఏ. జకార్డు అట్ట లాంటిది. అది డి.ఎన్.ఏ. నుంచి తయారవుతుంది కానీ ప్రోటీనుగా మారదు. ఏ ప్రోటీను, ఎప్పుడు, ఎంత తయారు కావాలో నిర్ణయించడంలో సాయపడుతుంది. మిగిలిన డి.ఎన్.ఏ. అంతా ఇలాంటి పనికొచ్చేదే అనడానికి లేదు. అందులో ఎంత పనికొస్తుందన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. అయితే అంతా చెత్త కాదని మాత్రం తేలిపోయింది.

వీటిలో పొట్టివి ఉన్నాయి, పొడుగువి ఉన్నాయి. పొట్టివాటిలో ముఖ్యమైనవి మైక్రో ఆర్.ఎన్.ఏ.లు, సుమారు 22 అక్షరాలవి. జీను నుంచి వచ్చిన ఆర్.ఎన్.ఏ. నకలును పట్టుకొని, ఇక ప్రోటీను చేయవద్దని ఆపుతాయి. 200 అక్షరాలకన్నా పెద్దవాటిని లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఏ.లంటారు.

మొదటి మైక్రో ఆర్.ఎన్.ఏ. పేరు లిన్-4. ఇందాక చెప్పిన ఆ మట్టి పురుగులోనే 1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ బృందాలు దాన్ని, అది పనిచేసే తీరును బయటపెట్టాయి. ఏడేళ్లపాటు చాలామంది దాన్ని పురుగుకే ఉన్న వింత అనుకున్నారు. 2000లో లెట్-7 అనే ఇంకొకటి దొరికింది. అది మనుషుల్లో కూడా ఉందని తేలాక అందరూ వెనక్కి తిరిగి చూశారు. 2024లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. విద్యార్థులు ఒక్క విషయం గమనించాలి. 1999లో నేను అక్కకు అంత ధైర్యంగా జవాబు చెప్పేనాటికే ఆ పరిశోధన వచ్చి ఆరేళ్లయింది. నా పుస్తకంలోకి మాత్రం రాలేదు. పుస్తకంలో ఉన్నంతవరకే శాస్త్రం అనుకోవడం నా పొరపాటు.

మాయ చేసే పని

గర్భం నిలవాలంటే మాయ సరిగా ఏర్పడాలి. మాయ తల్లి అవయవమని చాలామంది అనుకుంటారు. నిజానికి దానిలో ఎక్కువ భాగం బిడ్డ నుంచి వచ్చిందే. అంటే అందులో సగం తండ్రిది. మాయలోని ట్రోఫోబ్లాస్ట్ కణాలు మూడు పనులు చేయాలి. గర్భసంచి పొరను పట్టుకొని లోపలికి చొచ్చుకుపోవాలి. అక్కడి రక్తనాళాలను వెడల్పు చేసి బిడ్డకు రక్తం అందేటట్టు చూడాలి. సగం తండ్రిది కాబట్టి, పరాయి వస్తువని తల్లి రోగనిరోధక వ్యవస్థ దాడి చేయకుండా నచ్చజెప్పాలి. ఈ పనుల్లో నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఏ.ల చేయి ఉంది. మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది హెచ్19. ఇది పొడుగు ఆర్.ఎన్.ఏ. మాయలో చాలా ఎక్కువగా ఉంటుంది. మామూలుగా జీన్లు తల్లి నుంచి వచ్చిన ప్రతి నుంచీ, తండ్రి నుంచి వచ్చిన ప్రతి నుంచీ పనిచేస్తాయి. హెచ్19 మాత్రం తల్లి ప్రతి నుంచే పనిచేస్తుంది. దాని పక్కనే ఉన్న ఐ.జి.ఎఫ్.2 అనే ఎదుగుదల జీను తండ్రి ప్రతి నుంచి పనిచేస్తుంది. హెచ్19 లెట్-7ను తనకు అతికించుకొని పట్టి ఉంచుతుంది. గర్భస్రావమైన కొన్ని కేసుల కణజాలంలో హెచ్19 తక్కువగా ఉన్నట్టు చైనా పరిశోధకులు చూశారు. హెచ్19 తగ్గితే లెట్-7కు పట్టుపగ్గాలుండవు. అప్పుడది కణాలు అతుక్కోవడానికి కావలసిన ఇంటెగ్రిన్ అనే ప్రోటీనును తగ్గిస్తుంది. పట్టు తప్పుతుంది.

రెండవది మిర్-133ఏ. ట్రోఫోబ్లాస్ట్ కణాల మీద హెచ్.ఎల్.ఏ.-జి అనే ప్రోటీను ఉంటుంది. "నేను శత్రువును కాను" అని తల్లి రక్షణ కణాలకు చూపించే గుర్తింపు కార్డు అనుకోండి. మళ్లీ మళ్లీ గర్భం పోయిన కొందరి మాయ కణజాలంలో మిర్-133ఏ ఎక్కువగా ఉందని, అది హెచ్.ఎల్.ఏ.-జిని తగ్గిస్తోందని 2012లో చైనా పరిశోధకులు ప్రచురించారు.

మూడవది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. 19వ క్రోమోజోము మీద పదుల సంఖ్యలో మైక్రో ఆర్.ఎన్.ఏ. జీన్లు ఒకేచోట గుంపుగా ఉన్నాయి. కోతి, మనిషి జాతుల్లో తప్ప మరే జంతువులోనూ ఈ గుంపు లేదు. ఇది ముఖ్యంగా పనిచేసేది మాయలోనే. ఆ మైక్రో ఆర్.ఎన్.ఏ.లు తల్లి రక్తంలోకి కూడా వస్తాయి, కాన్పు కాగానే తగ్గిపోతాయి. ఈ గుంపంతా తండ్రి నుంచి వచ్చిన ప్రతి నుంచే పనిచేస్తుంది. తల్లి ప్రతి మూతబడి ఉంటుంది.

తల్లిదండ్రులారా, ఈ మాట కాస్త ఆలోచించండి. తల్లి కడుపులో బిడ్డను నిలబెట్టే మాయలో, అట్టల కట్ట ఒకటి పూర్తిగా తండ్రి పంపినదే. ఏదైనా తేడా వచ్చినప్పుడు ఒక్క ఆడమనిషినే నిలబెట్టి "నీలోనే లోపం" అనడానికి ప్రకృతిలోనే ఆధారం లేదు.

ఎంతవరకు నమ్మాలి

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, లేకపోతే 1999లో చేసిన తప్పే మళ్లీ చేసినదాన్నవుతాను.

ఈ పరిశోధనల్లో చాలావరకు కొద్దిమంది స్త్రీల మీద జరిగినవే. గర్భం పోయిన తర్వాత తీసిన కణజాలంలో ఒక ఆర్.ఎన్.ఏ. ఎక్కువో తక్కువో అయిందంటే, అది గర్భం పోవడానికి కారణమా, పోయినందువల్ల వచ్చిన మార్పా అన్నది తేల్చడం కష్టం. మగ్గం ఆగాక తెగిన పోగులు చూసి, పోగు తెగి మగ్గం ఆగిందా, మగ్గం ఆగినప్పుడు పోగు తెగిందా అని అడిగినట్టే. పిండానికి క్రోమోజోముల లోపం ఉందో లేదో కొన్ని అధ్యయనాల్లో చూడలేదు. మైక్రో ఆర్.ఎన్.ఏ. జీన్లలో ఉండే ఒక్క అక్షరం తేడాలకూ గర్భస్రావాలకూ సంబంధం ఉందని 2012లో కొరియా పరిశోధకులు చెప్పారు. వేరే దేశాల్లో చూసినప్పుడు ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. ఆర్.ఎన్.ఏ. చాలా త్వరగా చెడిపోతుంది. మా ప్రయోగశాలలో నమూనా అందిన వెంటనే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో పెడతాం. ఆ కొద్ది ఆలస్యం కూడా లెక్క మార్చేయగలదు.

కాబట్టి ఇప్పటికి నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఏ. పరిశోధన స్థాయిలోనే ఉంది. గర్భస్రావాలకు దీని ఆధారంగా డాక్టర్లు మామూలుగా రాసే పరీక్ష లేదు, మందూ లేదు. ఎవరైనా "మైక్రో ఆర్.ఎన్.ఏ. టెస్టు చేస్తే అంతా తెలిసిపోతుంది" అని వేలకు వేలు అడిగితే ఇవ్వవద్దు.

ఇంట్లో చేయవలసింది

రెండు గర్భాలు పోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి, భార్యాభర్తలిద్దరూ వెళ్లండి. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష కనీసం 12 వారాల తేడాతో రెండుసార్లు చేయాలి. అది ఉందని తేలితే తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్‌తో చాలామందికి బిడ్డ దక్కుతుంది. కానీ అవి డాక్టరు చెప్పాకే వాడాలి. థైరాయిడ్ పరీక్ష, గర్భసంచి స్కానింగ్, అవసరమైతే పోయిన పిండపు కణజాలానికి, భార్యాభర్తలిద్దరికీ క్రోమోజోముల పరీక్ష చేయిస్తారు. పోయిన కణజాలాన్ని పారవేయక ముందే డాక్టరును అడగండి. ఫోలిక్ ఆసిడ్ మాత్ర గర్భం రాకముందే మొదలుపెట్టాలి. ఇంట్లో మగవాళ్లు బీడీ, సిగరెట్ మానాలి. ఆ పొగ పక్కవాళ్లకూ చేటే.

కారణం దొరకకపోతే నిరాశపడవద్దు. మూడు గర్భాలు పోయి, కారణం తెలియని జంటల్లో కూడా ఎక్కువమందికి తర్వాతి ప్రయత్నాల్లో బిడ్డ పుడుతుంది. మొదటి నెలల్లో దగ్గరుండి చూసుకోవడం, తరచుగా స్కానింగ్ చేసి ధైర్యం చెప్పడం కూడా వైద్యంలో భాగమే. మామూలు ఇంటిపని, మెట్లెక్కడం, దిష్టి, ఇవేవీ కారణాలు కావు.

విద్యార్థులకు

మీలో ఈ దారిన వద్దామనుకునేవాళ్లకు రెండు మాటలు. ఎం.ఎస్సీ. తర్వాత సి.ఎస్.ఐ.ఆర్.–యు.జి.సి. నెట్ రాసి ఫెలోషిప్ తెచ్చుకుంటే పిహెచ్.డి.కి ఇంటినుంచి డబ్బు అడగనక్కరలేదు. ముంబై పరేల్‌లో పునరుత్పత్తి ఆరోగ్యం మీదనే పనిచేసే ఐ.సి.ఎం.ఆర్. సంస్థ ఉంది. హైదరాబాదులో సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి. ఉన్నాయి. బెంగళూరులో ఐ.ఐ.ఎస్సీ., భువనేశ్వర్‌లో ఐ.ఎల్.ఎస్., నైసర్ ఉన్నాయి. కంప్యూటరు మీద ఆసక్తి ఉన్నవాళ్లు బయోఇన్ఫర్మాటిక్స్ చేయవచ్చు. ప్రపంచంలో దొరికిన మైక్రో ఆర్.ఎన్.ఏ.ల జాబితా మిర్‌బేస్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంకొక చదువు జెనెటిక్ కౌన్సెలింగ్. కష్టంలో ఉన్న కుటుంబానికి జీన్ల సంగతి అర్థమయ్యే భాషలో, నొప్పించకుండా చెప్పడమే ఆ ఉద్యోగం. తెలుగు, మరాఠీ, కన్నడ, తమిళం, ఒడియా ఇంట్లోనూ బయటా మాట్లాడే మన పిల్లలకు అది బాగా సరిపోతుంది. 1999లో మా ఇంట్లో అలాంటి మనిషి ఒకరుంటే ఎంత బాగుండేది!

మీరు ఇంటికి వెళ్లాక మీ అక్కో, వదినెో, పిన్నో వచ్చి అడుగుతారు. చదువుకున్న పిల్లవాడి మాటకు, పిల్ల మాటకు మన ఇళ్లలో విలువ ఎక్కువ. తెలిసినంత చెప్పండి. తెలియనిచోట "తెలియదు, కనుక్కొని చెబుతాను" అనండి. ఆ ఒక్క మాట నేను ఆ రోజు అనలేకపోయాను.

అక్క ఈ సభకు రాలేదు. నిన్న రాత్రి ఈ ప్రసంగం ఆమెకు చదివి వినిపించాను. ఆమె గర్భాలు ఎందుకు పోయాయో ఇప్పటికీ నేను చెప్పలేను. ఆ రోజుల్లో ఏ పరీక్షా చేయలేదు, ఇక తెలిసే దారి లేదు. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె తునికాకు కత్తిరిస్తూనే విన్నది. 19వ క్రోమోజోము దగ్గరికి వచ్చేసరికి కత్తెర ఆపి, "తండ్రి ప్రతి నుంచే అంటివా?" అని అడిగింది. అవునన్నాను. "ఆ ముక్క సభలో నెమ్మదిగా చదువు. వెనక కూర్చున్నోళ్లకు కూడా వినపడాలె" అన్నది.

వెనక కూర్చున్నవాళ్లందరికీ వినపడిందని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.